తిరుపతిలో పబ్లిక్ పాలసీ డిగ్రీ పెట్టాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని విశ్వవిద్యాలయ శాఖల్లో, డిగ్రీ కాలేజీల్లో కొత్త కోర్సు ప్రతిపాదన తయారుచేసే అధ్యాపకుల కోసం ఈ పేజీ. ఫైలు ఎక్కడ ఆగుతుంది, సిలబస్ ఎక్కడ బలహీనపడుతుంది అన్నవాటికే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం.

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఎప్పటినుంచో ఉంది కదా, దానికే పేరు మారిస్తే సరిపోదా?

సరిపోదు. తేడా తెలియాలంటే మన మామిడినే చూడండి. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అందేలా నిర్ణయించింది. అందులో 8 రూపాయలు గుజ్జు ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 రూపాయలు ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. రైతుల జాబితా ఎవరు తయారుచేస్తారు, తూకం చీటీని ఎవరు ధ్రువీకరిస్తారు, డబ్బు ఏ శాఖ నుంచి వెళ్తుంది అన్నవి పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ప్రశ్నలు.

పబ్లిక్ పాలసీ విద్యార్థి అక్కడితో ఆగడు. ఫ్యాక్టరీ 8కి బదులు 5 ఇస్తే ఆ 3 రూపాయల నష్టం ఎవరిది? తోట కౌలుకు తీసుకున్నవాడికి ఆ 4 రూపాయలు అందుతాయా, పాస్‌బుక్ ఉన్న యజమానికి పోతాయా? గోదాముల్లో నిరుటి గుజ్జు నిల్వ ఉండగా కాయకు ధర కట్టినంత మాత్రాన కొనుగోలు పెరుగుతుందా? ఇదే డబ్బు వేరే రకం మామిడికి అంటు మార్చుకోవడానికి ఇస్తే ఐదేళ్లలో ఏమవుతుంది? వీటికి జవాబు చెప్పాలంటే ఆర్థికశాస్త్రం, గణాంకాలు, చట్టం, రాజకీయాలు, తోటలో నిలబడి మాట్లాడే ఓపిక అన్నీ కలవాలి. ఆ కలయిక కోసమే కొత్త డిగ్రీ. అది లేకుండా పాత పేపర్లకు కొత్త అట్ట వేస్తే రెండో సంవత్సరానికే విద్యార్థులకు తెలిసిపోతుంది.

డిగ్రీకి ఏ పేరు పెట్టాలి?

బి.ఏ. ఆనర్స్ (పబ్లిక్ పాలసీ) అని పెట్టండి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చట్టం, 1956 లోని 22వ సెక్షన్ ప్రకారం, యూజీసీ గెజిట్‌లో నోటిఫై చేసిన డిగ్రీలనే విశ్వవిద్యాలయాలు ఇవ్వాలి. బి.ఏ. ఆ జాబితాలో ఉంది కాబట్టి బ్రాకెట్‌లో సబ్జెక్టు పేరు రాసుకుంటే చాలు. ఆకర్షణగా ఉంటుందని జాబితాలో లేని సరికొత్త పేరు పెడితే, కోర్సు మొదలయ్యే కనీసం 6 నెలల ముందు యూజీసీ అనుమతి కోరాలి. ఆ పేరు రేపు ఉద్యోగ నోటిఫికేషన్లలో కూడా చిక్కు తెస్తుంది. ‘బి.ఏ. లేదా తత్సమానం’ అని ఉన్నచోట విద్యార్థి ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ కోసం తిరగాల్సి వస్తుంది.

ఎవరెవరి ఆమోదం కావాలి? ఎంత కాలం పడుతుంది?

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం, 1991 కిందికి వస్తుంది. అక్కడ సిలబస్ ముందు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు (సిలబస్ చూసే అధ్యాపకుల సంఘానికి) వెళ్తుంది, తర్వాత అకడమిక్ సెనేట్‌కు, చివరికి పాలక మండలికి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికి, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయానికి సొంత చట్టాలున్నాయి. సంఘాల పేర్లు కొద్దిగా మారినా వరుస దాదాపు ఇదే. కొత్త బోధన పోస్టులు అడిగితే మాత్రం ఫైలు ప్రభుత్వానికి వెళ్లాలి. ఆర్థిక శాఖ చూడకుండా పోస్టు రాదు.

జులైలో తరగతులు మొదలవ్వాలంటే వెనక్కి లెక్కపెట్టండి. ముందటి ఏడు ఆగస్టులో అవసరాల నివేదిక మొదలుపెట్టాలి. నవంబరులో బోర్డ్ ఆఫ్ స్టడీస్, ఫిబ్రవరిలోపు పాలక మండలి తీర్మానం అయిపోవాలి. మార్చి నుంచి పరీక్షల విభాగంతో పేపర్ కోడ్లు, సాఫ్ట్‌వేర్ నమోదు చూసుకోవాలి. ఈ చివరి మెట్టును చాలామంది లెక్కలోకి తీసుకోరు. తీర్మానం అయిపోయింది కదా అని ఊరుకుంటే, మొదటి సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టే రోజున కంప్యూటర్‌లో కోర్సే కనిపించదు.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఒకే శాఖవాళ్లు కూర్చుంటే సిలబస్ ఆ శాఖ సిలబస్‌లాగే వస్తుంది. ఎస్వీయూలో పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, పాపులేషన్ స్టడీస్, లా అన్నీ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ప్రతి శాఖ నుంచీ ఒకరిని మొదటి సమావేశానికే పిలవండి. సిలబస్ అయిపోయాక సంతకానికి పిలిస్తే తమ పేపర్ ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సమావేశం గడిచిపోతుంది.

క్రెడిట్ల లెక్క ఎలా?

యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన డిగ్రీ కరిక్యులమ్, క్రెడిట్ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు (చదువు భారాన్ని కొలిచే యూనిట్లు), నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. నాలుగేళ్ల లెక్క ఇలా ఉంటుంది: మేజర్ (ప్రధాన సబ్జెక్టు) 80, మైనర్ (ఉప సబ్జెక్టు) 32, ఇతర విభాగాల పేపర్లు 9, భాషలు 8, నైపుణ్య పేపర్లు 9, విలువల పేపర్లు 6 నుంచి 8, వేసవి ఇంటర్న్‌షిప్ 2 నుంచి 4, పరిశోధన ప్రాజెక్టు 12. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లకే ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ దారి. మిగతావాళ్లు ప్రాజెక్టుకు బదులు 12 క్రెడిట్ల పేపర్లు చదువుతారు.

మధ్యలో ఆగిపోయేవాళ్ల సంగతి కూడా ముందే రాసుకోవాలి. మొదటి ఏడు 40 క్రెడిట్లతో సర్టిఫికెట్, రెండో ఏడు 80తో డిప్లొమా. రెండింటికీ వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి నైపుణ్య కోర్సు తప్పనిసరి. ఆ వేసవి కోర్సు ఎవరు చెబుతారో రాయకుండా వదిలేస్తే, ఇంటి పరిస్థితి బాగాలేక ఆగిపోయిన పిల్లకు చేతికి ఏ కాగితమూ రాదు.

రాష్ట్రంలో 2023–24 నుంచి సింగిల్ మేజర్ విధానం వచ్చింది. యూజీసీ చట్రం మీద రాష్ట్ర ఉన్నత విద్యా మండలి ఉత్తర్వులు కూడా ఉంటాయి కాబట్టి, పట్టిక ఖరారు చేసే రోజుకు అమల్లో ఉన్న తాజా ఉత్తర్వు పక్కన పెట్టుకుని సరిచూడండి.

మేజర్‌లో ఏం పెట్టాలి?

మొదటి ఏడాది సిద్ధాంతాల చరిత్రతో నింపకండి. ప్రభుత్వం ఎలా నడుస్తుందో చూపించే పేపర్ ఒకటి, సంఖ్యలతో పని నేర్పేది ఒకటి, సూక్ష్మ అర్థశాస్త్రం ఒకటి ఉంటే చాలు. రెండో ఏడాది గణాంకాలు, ప్రభుత్వ బడ్జెట్, చట్టం చదవడం. మూడో ఏడాది పథకాల మూల్యాంకనం, పట్టణ పాలన, వ్యవసాయ విధానం, ఆరోగ్యం, పర్యావరణం లాంటి రంగాల పేపర్లు, ఇంటర్న్‌షిప్. నాలుగో ఏడాది ప్రాజెక్టు.

బడ్జెట్ పేపర్‌ను పట్టుబట్టి నిజమైన పత్రాలతోనే చెప్పాలి. రాష్ట్ర బడ్జెట్ డిమాండ్ పుస్తకంలో ఒక పేజీ తీసుకుని పద్దు సంఖ్య చదవడం నేర్పండి. 2202 అంటే సాధారణ విద్య మీద రెవెన్యూ ఖర్చు, 4202 అంటే విద్య, క్రీడలు, కళలు, సంస్కృతి మీద మూలధన వ్యయం. 2210 వైద్యం, ప్రజారోగ్యం. 2215 తాగునీరు, పారిశుద్ధ్యం. పక్కపక్కనే ఉండే బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు కాలమ్‌ల తేడా గట్టిగా పట్టించాలి. విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు బడ్జెట్ అంచనాను ఖర్చయిన డబ్బు అనుకోవడం. పత్రికల్లోనూ ఇది కనిపిస్తుంది. వాస్తవ ఖర్చు రెండేళ్ల తర్వాతి పుస్తకంలో వస్తుందని ఒక్కసారి తెలిస్తే, ప్రకటనలను విద్యార్థి చదివే తీరే మారిపోతుంది.

పర్యావరణం, విపత్తుల పేపర్‌కు ఉదాహరణలు ఎక్కడినుంచో తెచ్చుకోనక్కర్లేదు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు మునిగాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. చెరువు కట్ట బాగోగులు ఏ శాఖవి, చెరువు కడుపులోని భూమిపై హక్కు ఎవరిది, హెచ్చరిక ఎవరు చేయాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు వెతికితే ఒక సెమిస్టర్ చాలదు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగుల నష్టపరిహారం ఇంకొకటి. కొండమీద ప్లాస్టిక్ నిషేధం మరొకటి: నిషేధం అమలైన చోట ఏం మారింది, కింద అలిపిరి దగ్గర ఏం పోగుపడుతోంది అని పోల్చి చూడొచ్చు.

లెక్కలంటే భయపడే ఆర్ట్స్ విద్యార్థుల సంగతి?

ఇంటర్‌లో సీఈసీ, హెచ్ఈసీ చదివి వచ్చేవాళ్లే ఎక్కువ ఉంటారని అనుకునే సిలబస్ రాయండి. మొదటి సెమిస్టర్‌లో శాతాలు, శాతం పాయింట్లు, నిష్పత్తులు, సగటు, మధ్యగతం, పట్టిక చదవడం, ఎక్సెల్. ఇంతే. రెండో ఏడాదికి శాంపిల్, సంభావ్యత, రిగ్రెషన్. ఆర్ సాఫ్ట్‌వేర్, మ్యాపుల కోసం క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతాయి, లైసెన్సు ఖర్చు లేదు. ల్యాబ్‌లో ఇద్దరికి ఒక కంప్యూటర్ చొప్పున పెట్టడం మొదటి ఏడాదికి పనికొస్తుంది గానీ గణాంకాల పేపర్‌కు పనికిరాదు. ఆ జంటలో ఒకరు టైప్ చేస్తుంటే ఇంకొకరు చూస్తూ ఉండిపోతారు.

ఎంతమంది అధ్యాపకులు కావాలి?

మేజర్ 80 క్రెడిట్లను 8 సెమిస్టర్లతో భాగిస్తే ఒక్కో బ్యాచ్‌కు సెమిస్టర్‌కు 10 క్రెడిట్లు. 4 క్రెడిట్ల పేపర్‌లో 3 క్రెడిట్లు పాఠం, 1 క్రెడిట్ క్షేత్ర పని అనుకుంటే, క్షేత్ర పనికి క్రెడిట్‌కు వారానికి 2 గంటలు కాబట్టి ఆ పేపర్ వారానికి 5 గంటలు తింటుంది. అంటే 10 క్రెడిట్లకు 12.5 గంటలు. నాలుగు బ్యాచ్‌లూ నిండాక వారానికి 50 గంటలు. యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. 50ని 16తో భాగిస్తే ముగ్గురు చాలు అనిపిస్తుంది.

ఆ ముగ్గురితో కోర్సు నడవదు. ప్రాజెక్టుల పర్యవేక్షణ, ఇంటర్న్‌షిప్ చోట్లకు వెళ్లి చూడటం, పరీక్షల డ్యూటీ, సెలవులు ఈ లెక్కలో లేవు. ఐదుగురిని అడగండి: మొదటి ఏడాది ఇద్దరు, తర్వాత ఏడాదికి ఒకరు చొప్పున. ఇద్దరు కూడా రాకుండా అంతా గెస్ట్ ఫ్యాకల్టీతో నడపమంటే ఒక ఏడాది ఆగి మొదలుపెట్టడమే మేలు. గంటకు ఇంత అని జీతం తీసుకునే మనిషిని రాయలచెరువు దగ్గర రోజంతా పిల్లలతో నిలబడమని అడగలేం, అడగకూడదు కూడా.

పోస్టు ప్రకటనలో అర్హతను ఒకే సబ్జెక్టుకు కట్టేయకండి. పబ్లిక్ పాలసీతోపాటు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, స్టాటిస్టిక్స్ అని పేర్లతో సహా రాయాలి. ‘అనుబంధ సబ్జెక్టులు’ అని మాత్రం రాస్తే ఎంపిక తర్వాత కోర్టు కేసు పడే అవకాశం ఎక్కువ. రిటైరైన అధికారులు, ఇంజినీర్ల అనుభవం కావాలంటే యూజీసీ 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ దారి ఉంది. మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదు, మొత్తం నాలుగేళ్లు మించకూడదు.

క్షేత్ర పని నిజంగా జరిగేలా ఎలా చూడాలి?

ఈ డిగ్రీ నిలబడేది దీనిమీదే. డబ్బు తగ్గినప్పుడు మొదట కోత పడేదీ దీనికే.

ఒక క్షేత్ర క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 30 గంటలు. రోజుకు 6 గంటలు అనుకుంటే 5 రోజులు. నాలుగేళ్లలో 12 క్రెడిట్లు పెట్టారంటే 60 రోజుల బస్సు, భోజనం, పర్యవేక్షణ. ఈ అంకెను బడ్జెట్ ప్రతిపాదనలో విడి పద్దుగా చూపించండి. ‘ఇతర ఖర్చులు’ కింద వేస్తే మొదటి ఏడాదే మాయమవుతుంది.

టైమ్‌టేబుల్‌లో క్షేత్ర పనికి రోజూ ఒక గంట ఇచ్చే పద్ధతి పూర్తిగా వృథా. గంటలో ఎస్వీయూ గేటు దాటి తూకివాకం చెత్త శుద్ధి కేంద్రం దాకా కూడా పోలేం. వారంలో ఒక రోజంతా ఖాళీగా ఉంచండి, మైనర్ చెప్పే శాఖలతో ముందే మాట్లాడి.

కాలం చూసుకోవడం ఇంకో ముఖ్యమైన పని. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతిలో బస్సు దొరకదు, మునిసిపల్, పోలీసు అధికారులెవరికీ మాట్లాడే తీరిక ఉండదు. జనసమూహ నిర్వహణ మీద అధ్యయనం అయితే తప్ప ఆ వారాలు వదిలేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. మే, జూన్‌లో మామిడి మండీలు, ఫ్యాక్టరీలు నిండుగా నడుస్తాయి కాబట్టి వేసవి ఇంటర్న్‌షిప్‌ను అక్కడికి కట్టండి. ఎండల్లో పని ఉదయం 6 నుంచి 10 లోపు ముగించాలి. కుప్పం వైపు పని ఒక రోజులో తెమలదు, రెండు రాత్రుల బస లెక్కవేయాలి.

అనుమతులు: గ్రామంలో సర్వేకు ముందు ఎంపీడీవోకు, సర్పంచికి లేఖ ఇవ్వాలి, గ్రామ సచివాలయంలో ఒక కాపీ పెట్టాలి. విశ్వవిద్యాలయ నైతిక సంఘం ప్రశ్నావళిని ముందే చూడాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు ఫొటోలు ఏ పరిస్థితిలోనూ తీసుకోకూడదు. విద్యార్థి ఫోన్‌లో అవి ఉండటమే ప్రమాదం. 18 ఏళ్లలోపు పిల్లలను అడగాలంటే పెద్దల అనుమతి కావాలి. ఇంటింటికీ తిరిగే పిల్లలకు ఇంకొక మాట చెప్పండి: ‘మీ పేరు రాసుకుంటున్నారు, పింఛన్ వస్తుందా నాయనా?’ అని ముసలమ్మ అడుగుతుంది. రాదని ముందే చెప్పాలి. చెప్పకుండా జవాబులు రాబట్టడం మోసం.

సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు రాయించడం మంచి అభ్యాసం. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి సెమిస్టర్ రెండో వారంలోనే వేయించాలి. ‘ఎందుకు చేయలేదు’ అని అడిగితే జవాబు రాదు. ఫలానా రిజిస్టర్ నకలు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని అడగాలి. ఆ తేడా పట్టుబడితే సగం పాఠం వచ్చినట్టే.

క్షేత్ర పనికి మార్కులు ఎలా వేయాలి?

రాత పరీక్షకు 75, ఇంటర్నల్‌కు 25 అనే లెక్కలో క్షేత్ర పని ఇమడదు. ఈ కోర్సు నిబంధనల్లోనే 50:50 అని రాసి అకడమిక్ సెనేట్‌తో ఆమోదింపజేసుకోండి. తర్వాత సవరణ తేవడం చాలా కష్టం. ఇంటర్నల్ 50లో 20 క్షేత్ర డైరీకి, 20 పాలసీ నోట్‌కు, 10 మౌఖికానికి ఇవ్వొచ్చు. పాలసీ నోట్ రెండు పేజీలు మించకూడదు: సమస్య, ఆధారం, మూడు ప్రత్యామ్నాయాలు, ఒక సిఫారసు, దాని ఖర్చు. ఖర్చు రాయని నోట్‌ను వెనక్కి ఇచ్చేయండి.

ఏ భాషలో చెప్పాలి?

డిగ్రీ బోధన ఇంగ్లిష్ మీడియమే అయినా, జీవోల భాష ఇంగ్లిష్, గ్రామసభ భాష తెలుగు. రెండూ రావాలి. ప్రతి సెమిస్టర్‌లో కనీసం ఒక పాలసీ నోట్ తెలుగులో రాయించి, దానికి ఇంగ్లిష్ నోట్‌తో సమానంగా మార్కులు వేయండి. జీవోను చదివి ఊళ్లో మనిషికి అర్థమయ్యేలా పది వాక్యాల్లో తెలుగులో రాయడం చిన్న పనిలా కనిపిస్తుంది. చేసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. చిత్తూరు సరిహద్దు మండలాల్లో తమిళం, కన్నడం మాట్లాడే ఇళ్లుంటాయి. జట్లు వేసేటప్పుడు ఆ భాష వచ్చిన విద్యార్థి ఒకరు ఉండేలా చూడాలి.

జిల్లా గణాంకాలు ఎందుకు పొసగడం లేదు?

తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. 2011 జనగణనలో ఆ పేరుతో జిల్లా లేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా పాత 13 జిల్లాలతోనే ఉంది. పాత చిత్తూరు జిల్లాలో 66 మండలాలు. ఇప్పటి తిరుపతి జిల్లాలో అందులో కొన్ని మాత్రమే ఉన్నాయి, సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు మండలాలు నెల్లూరు నుంచి వచ్చాయి. కాబట్టి 2011 చిత్తూరును ఇప్పటి చిత్తూరుతో పోల్చిన ఏ పట్టికైనా తప్పే.

జనగణన అయితే మండలాల వారీ అంకెలు కూడుకుని కొత్త జిల్లాను తిరిగి కట్టొచ్చు. మొదటి ఏడాది విద్యార్థులకు ఇదే మంచి ఎక్సెల్ అభ్యాసం. శాంపిల్ సర్వేలో అలా కుదరదు. జిల్లా స్థాయికి సరిపడేలా తీసిన శాంపిల్‌ను మండలాలుగా విడగొడితే ఒక్కో మండలానికి నమ్మదగినన్ని ఇళ్లు మిగలవు. ప్రాజెక్టు ఆమోదించే ముందు గైడ్ ఈ ఒక్క విషయం తప్పకుండా అడగాలి.

ఎన్ని సీట్లతో మొదలుపెట్టాలి?

40. ఒక బస్సులో పడతారు, ఒక ల్యాబ్‌లో పడతారు. 60 అడిగితే క్షేత్ర పనికి రెండు బస్సులు, ఇద్దరు పర్యవేక్షకులు కావాలి. చిన్న సంఖ్యకు ఒక ఇబ్బంది ఉంది: రిజర్వేషన్‌లో 1 శాతం ఉన్న బీసీ–సీకి 40లో 0.4 సీటు వస్తుంది. ఇలాంటి భిన్నాలకు విశ్వవిద్యాలయం పాటించే రోస్టర్ పద్ధతేమిటో ప్రవేశాల విభాగం నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

కోర్సు పేరు, కోడ్, ఫీజు జ్ఞానభూమి పోర్టల్‌లో ఎక్కితేనే విద్యార్థి దరఖాస్తు ముందుకు కదులుతుంది. తీర్మానం కాపీతో ఈ పని ప్రవేశాలకు ముందే పూర్తిచేయాలి. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుగా పెడితే ఏ మేరకు వర్తిస్తుందో తేలాకే బ్రోచర్ అచ్చువేయండి. ‘వస్తుంది’ అని నోటిమాటగా చెప్పి పిల్లలను చేర్చుకోవద్దు.

చదివితే ఉద్యోగం ఏమొస్తుంది?

ఈ డిగ్రీకి మాత్రమే కేటాయించిన ప్రభుత్వ ఉద్యోగం లేదు. తల్లిదండ్రులకు ఇది స్పష్టంగా చెప్పాలి. ఏదైనా డిగ్రీ చాలన్న సివిల్స్, గ్రూప్స్ పరీక్షలు రాయొచ్చు. సివిల్స్ మెయిన్స్‌లో ఆప్షనల్‌గా పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఉంది, పబ్లిక్ పాలసీ పేరుతో లేదు. స్వచ్ఛంద సంస్థలు, సర్వే సంస్థలు, ప్రభుత్వ పథకాలకు సలహాలిచ్చే కన్సల్టెన్సీలు, శ్రీసిటీ లాంటి చోట పరిశ్రమల సామాజిక బాధ్యత విభాగాలు డేటా, క్షేత్ర పని వచ్చినవాళ్లను తీసుకుంటాయి. నాలుగేళ్లు చదివినవాళ్లకు ఏడాది పీజీ దారి ఉంది. కోచింగ్ సెంటర్‌లా నడిపే కోరికను మాత్రం అదుపులో పెట్టాలి. పోటీ పరీక్షల బిట్లు క్షేత్ర దినాన్ని తినేస్తాయి.

అనుబంధ డిగ్రీ కాలేజీలో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, ఉన్నత విద్యా మండలి అనుమతితో. అయితే ముందు దాన్ని మైనర్‌గా రెండేళ్లు నడిపి చూడండి. ఎకనామిక్స్ మేజర్ పిల్లలకు 32 క్రెడిట్ల పబ్లిక్ పాలసీ మైనర్ ఇస్తే, ఇద్దరు అధ్యాపకులతో ఏది నడుస్తుందో, ఏది నడవదో తేలుతుంది.

మొదటి బ్యాచ్‌లో పది మందే చేరితే?

కోర్సు మూసేయకండి, సీట్లు నింపడానికి స్పాట్ అడ్మిషన్లలో ఎవరినిపడితే వాళ్లను చేర్చుకోకండి. పది మందితో భాషలు, మైనర్, ఇతర విభాగాల పేపర్లు మిగతా బి.ఏ. తరగతులతో కలిపి నడపొచ్చు. విడిగా ఖర్చయ్యేది మేజర్ పేపర్లకే. ఆ పది మందితో సెమిస్టర్ చివర ఒక మండల నివేదిక తయారుచేయించి, ఆ మండల కార్యాలయంలోనే చదివించండి. రెండో ఏడాది ప్రవేశాల ముందు జనవరి, ఫిబ్రవరి నెలల్లో తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి జూనియర్ కాలేజీలకు అధ్యాపకులతో పాటు ఆ పిల్లలనే పంపండి, చేతిలో ఆ నివేదికతో.